మూడో బాణం ఎటు?

బెజవాడ గుణదల నుంచి నూజివీడు బస్సెక్కితే దారిలోనే తగులుతుంది ఆగిరిపల్లి. సూరి భగవంతంగారు 1909లో పుట్టిన ఊరు. రామన్ శిష్యుడిగా, బెంగళూరు ఐఐఎస్సీ డైరెక్టరుగా ఆయన పేరు తెలిసినవాళ్లున్నారు. 1966లో అచ్చయిన ఆయన పుస్తకం ‘క్రిస్టల్ సిమెట్రీ అండ్ ఫిజికల్ ప్రాపర్టీస్’ను తెరిచి చూసినవాళ్లే అరుదు. స్ఫటికాల తరగతులు 32 అని పాఠం చెబుతారు. అణు అయస్కాంతాన్ని తలకిందులు చేయడాన్నీ సౌష్ఠవంలో కలిపితే ఆ 32 కాస్తా 122 అవుతాయి. ఏ స్ఫటికంలో ఏ అయస్కాంత గుణానికి చోటుందో, దేనికి లేదో ఆ లెక్కతో తేల్చే విద్యలో ఆయన ఘనాపాఠి.

ఏది సాధ్యమో సౌష్ఠవం చెబుతుంది. అందులో అణువులు దేన్ని ఎంచుకుంటాయన్నది వేరే పంచాయితీ.

త్రికోణంలో మూడు అణువులు, ఒక్కోదాని అయస్కాంత దిక్కు ఒక్కో బాణం. పక్కది పైకి చూస్తే తాను కిందికి చూడాలన్నది ప్రతిదాని పట్టు. మూడోది ఎటు తిరిగినా ఒకదానితో పేచీ తప్పదు. పైకీ కిందికీ తప్ప దారి లేకపోతే పరమశూన్య ఉష్ణోగ్రతలోనూ ఈ తగువు తీరదని భౌతికశాస్త్రవేత్త వానియర్ 1950లో లెక్కగట్టారు. 1977లో టులూజ్ దీనికి ఫ్రస్ట్రేషన్ అని పేరు పెట్టారు. పక్కకు వాలే వీలుంటే మూడూ 120 డిగ్రీల ఎడంతో సర్దుకోగలవు.

ఆ సర్దుబాటును కళ్లకు కట్టించినవారు జర్మనీలోని హాలేలో గావో, వుల్ఫ్‌హెకెల్, కిర్ష్‌నర్. 2008లో వెండి స్ఫటికం మీద ఒక్క అణువు మందాన మాంగనీసు పొర పరిచి చూపించారు. ఎంత నేర్పు కావాలి దానికి! ముందు గాలిని తోడెయ్యాలి, బయటి పీడనంలో పది లక్షల కోట్లో వంతు దాకా. ఆర్గాన్ అయాన్లతో వెండి తలాన్ని చెక్కి, కాచి, మళ్లీ చెక్కి, మళ్లీ కాచి అద్దంలా చెయ్యాలి. అప్పుడు మాంగనీసు ఆవిరి పట్టించాలి. ఎక్కువైతే రెండో పొర లేస్తుంది, తక్కువైతే దీవులు మిగులుతాయి. చివరికి, కొన అణువంత సన్నబడ్డ అయస్కాంత సూదిని తాకీ తాకనట్టు నడపాలి. సూది దిక్కుతో అణువు దిక్కు కలిసిందా, ఎదురు తిరిగిందా అన్నదాన్నిబట్టి సూదికీ పొరకూ మధ్య విద్యుత్ ప్రవాహం మారుతుంది. ఆ తేడాయే బొమ్మ.

అంత చాకిరీ చేసినవాళ్ల బొమ్మ నలుపు తెలుపు మచ్చల్లా కనిపిస్తుంది. దాని పక్కన కంప్యూటర్లో గీసిన రంగురంగుల బాణాలు పెడితే జనం బాణాలనే చూస్తారు! లెక్కలది తప్పు కాదు. హైన్జె, బ్లూగెల్ వంటి సిద్ధాంతవేత్తల లెక్కలు ప్రయోగానికి దారి చూపాయి. కొలవనిదాన్ని కొలిచినట్టు అమ్మడమే మోసం. సూది పట్టిన చేతికి దక్కాల్సిన గౌరవాన్ని ఈ నకిలీ తళుకు కాజేస్తోంది.

ఇక్కడి సంగతి ఇంకా బాధాకరం. భగవంతంగారి నేలమీదే డిగ్రీ ఫిజిక్స్ అంటే ఇంజనీరింగ్ సీటు రానివాళ్ల చదువని చులకన! బెజవాడ కాలేజీల మేష్టార్లకు ఒకటే విన్నపం. బోర్డు మీద త్రికోణం గీయండి. రెండు బాణాలు మీరు పెట్టి, మూడోది పిల్లలనే పెట్టమనండి. వాళ్లు తడబడినప్పుడు ఆగిరిపల్లి ఆయన పుస్తకం తెచ్చి బల్లమీద పెట్టండి.