తలంపును గద్దించుటా, పరీక్షించుటా? ఆరన్ బెక్ గ్రంథముపై ఒక పరిశీలన

కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీని రోమా 12:2తో జతపరచి, తలంపు మారితే క్రుంగుదల పోతుందని ఒక్క మాటలో ముగించుట మనము తరచుగా వింటాము. ఆ చికిత్సకు మూలమైన గ్రంథములలో ఒకటి, ఆరన్ బెక్ మరి ముగ్గురితో కలిసి 1979లో ప్రచురించిన 'కాగ్నిటివ్ థెరపీ ఆఫ్ డిప్రెషన్'. దానిని చదివినప్పుడు ఈ పోలికలోని తొందరపాటు బయటపడుతుంది.

క్రుంగినవారు తమను గూర్చి, లోకమును గూర్చి, భవిష్యత్తును గూర్చి నిరాశతోనే తీర్పు తీరుస్తారని బెక్ గమనించారు. అయితే ఆ తీర్పును చికిత్సకుడు గద్దించడు. దేవుడు తనను విడిచిపెట్టాడని ఒక సహోదరి అన్నదనుకొందము. అది అవిశ్వాసమనుట మనకు అలవాటైన జవాబు. బెక్ పద్ధతిలోనైతే ఆ తలంపు ఎప్పుడు కలిగింది, ఆధారమేమిటి, వేరొక వివరణ ఉన్నదా అని ఇద్దరూ కలిసి వెదకుతారు. సందర్భము, భావోద్వేగము, తలంపు, దానికి సహేతుకమైన జవాబు వేర్వేరు గడులలో వ్రాస్తారు. ఆ తలంపును నూటికి ఎంత నమ్ముతున్నదో ఆమెయే అంకె వేస్తుంది. వాదించి గెలుచుట ఇందులో లేదు. (మన ప్రసంగ శిక్షణ ఇందుకు ఏమాత్రము తోడ్పడదు.)

గ్రంథము పేరు తలంపులకే పెద్దపీట వేసినను, తీవ్రముగా క్రుంగినవారితో చిన్న చిన్న పనులతో మొదలుపెట్టమని లోపలి అధ్యాయములు చెబుతాయి. నీల్ జాకబ్సన్ బృందము 1996లో ప్రచురించిన పరిశోధనలో, పనులలోనికి తిరిగి నడిపించు భాగము ఒక్కటే పూర్తి చికిత్సకు దీటుగా నిలిచింది. 2017లో ప్రచురితమైన గోవా అధ్యయనములో అటువంటి చికిత్సనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో, మానసిక వైద్యులు కాని శిక్షణ పొందిన సలహాదారులు అందించారు. సాధారణ వైద్యము మాత్రమే పొందినవారికంటె వీరి యొద్దకు వచ్చినవారిలో ఎక్కువమంది కోలుకొన్నారు. ఇది కాపరులకు ధైర్యమిచ్చే సంగతి. అయితే ఆ సలహాదారులు పర్యవేక్షణ క్రింద పనిచేశారని మరువరాదు.

1 రాజులు 19లోని ఏలీయాను రోగిగా నిర్ధారించుట మా ఉద్దేశము కాదు. కాని క్రమము చూడండి. బదరీవృక్షము క్రింద మొదట నిద్ర, అప్పము, నీళ్లు. తానొక్కడే మిగిలానన్న తలంపునకు ఏడు వేలమంది ఉన్నారన్న జవాబు చాలా ఆలస్యముగా, పని అప్పగించిన తరువాతనే వస్తుంది. మన సలహా పరిచర్యలో ఏడు వేలు ముందే వస్తారు, అప్పము రానేరాదు.

తలంపు సత్యమే అయిన చోట ఈ పద్ధతిని ప్రయోగించుట అన్యాయము. భర్త చేత దెబ్బలు తినే స్త్రీ ప్రాణభయము వక్రించిన ఆలోచన కాదు. ఆమెకు కావలసినది భద్రత. భ్రాంతులు, ఉన్మాద దశలు గలవారిని ఉద్దేశించి ఈ గ్రంథము వ్రాయబడలేదు. చనిపోవాలని ఉన్నదని చెప్పినవారి ఎదుట కాపరి గడుల కాగితము తీయక, వారిని ఒంటరిగా విడువక, వెంటనే మనోవైద్యుని యొద్దకు తోడుగా వెళ్లవలెను. 2022లో ప్రారంభమైన టెలి మానస్ (14416) తెలుగులో కూడా మాట్లాడుతుంది.