మూడు చక్రాలు ముందు దిగాలి

తెనాలిలో ఇల్లు మారేవాళ్లు సామాన్లకు వ్యాను మాట్లాడుకుంటారు. మోటారుసైకిలును మాత్రం ఎవరో ఒక కుర్రాడికిచ్చి తోలించేస్తారు. బాపట్ల ఎంత దూరం, రేపల్లె ఎంత దూరం అంటారు. రెండు చక్రాల బండికి ఆ మాట చెల్లుతుంది. పక్కచక్రాలు వేయించిన స్కూటరుకు చెల్లదు. మామూలు బండి అలవాటున్నవాడు దాన్నెక్కితే మలుపులో ఒళ్లు వంచుతాడు. బండి వంగదు, తిన్నగా పోతుంది. కాలవ కట్టల మీద రోడ్లున్న మా డెల్టాలో తిన్నగా పోవడమంటే నీళ్లలోకి పోవడమే.

మా బావకు చిన్నప్పుడే పోలియో వచ్చింది. ఉద్యోగమేమో బదిలీల ఉద్యోగం. రేపల్లె, బాపట్ల, మళ్లీ తెనాలి, ఇలా తిరుగుతూనే ఉన్నాడు. ఇల్లు మారినప్పుడల్లా ఆయన పక్కచక్రాల స్కూటరు, కొత్త ఊళ్లో సర్దుడు పనులకు తిరగడానికి నా బుల్లెట్టు, రెండూ మూసిన డీసీఎం వ్యానులో కలిసి వెళతాయి. బండ్లు కట్టడం నాకు నేర్పింది మా వీధిలో ఉండే లారీ డ్రైవరు బాబాయ్. వరిగడ్డి లోడుకు మోకు బిగించడంలో చేయి తిరిగిన మనిషి. "అబ్బాయ్, బరువు ఎక్కడుందో చూసి అక్కడ కట్టు. చేతికి పట్టు దొరికిందని కట్టబాకు" అనేవాడు. ఆ ఒక్క మాటలోనే సగం పని ఉంది.

మూసిన వ్యాను ఎందుకంటే మాది ఉప్పుగాలి నేల. నిజాంపట్నం వైపు నుంచి చేపలు, రొయ్యలు మోసే బండ్లు వస్తాయి. వాటి ఐసు కరిగి ఉప్పునీళ్లు రోడ్డు మీద కారుతుంటాయి. వెనకొచ్చే తెరిచిన బండిలో ఉన్న ఇనుముకల్లా ఆ నీళ్లు చిమ్ముతాయి. స్కూటరు కంపెనీలో తయారై వస్తుంది, పక్కచక్రాల చట్రం మాత్రం తర్వాత బిగించింది. దాని వెల్డింగు అతుకుల దగ్గరే తుప్పు మొదలవుతుంది. బదిలీలు వానలు చూసుకుని రావు. మా తీరంలో తుపాన్లు డిసెంబరు దాకా వస్తూనే ఉంటాయి. మిచౌంగ్ 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గరే తీరం దాటింది. పట్టా కప్పితే సరిపోదా అంటారు. దారి పొడుగునా గాలికి కొట్టుకునే పట్టా వాన కంటే ఎక్కువగా రంగు గీకేస్తుంది.

మూసిన బండిలో ఉండే ప్రమాదం పెట్రోలు ఆవిరి. రోహిణి కార్తెలో ఆ రేకు పెట్టె లోపల కాసేపు నిలబడితే తెలుస్తుంది వేడి ఎంతో. అందుకే రెండు బండ్లలోనూ పెట్రోలు తీసేసి, దిగాక బంకు దాకా పోయేంత మాత్రమే ఉంచుతాం. ట్యాంకు కింద పెట్రోలు ట్యాపు ఉన్న పాత బుల్లెట్టయితే దాన్ని కట్టేస్తాం. బ్యాటరీ తీగ ఊడదీస్తాం. వాసన వస్తోందంటే ఎక్కడో కారుతున్నట్టే. తలుపు తెరిచి, కారేది ఎక్కడో కనిపెట్టాకే బయల్దేరాలి.

అసలు కష్టం ఎక్కించడంలో ఉంది. బుల్లెట్టుకు ఒక బలమైన చెక్క చాలు. ఇద్దరు చెరో పక్కన పట్టుకుంటే ఎక్కుతుంది. జనం మూడు చక్రాల బండి అనే స్కూటరుకు నిజానికి నేల మీద ఆనేవి నాలుగు: ముందు చక్రం, దాని వరసలోనే వెనక చక్రం, ఆ వెనక చక్రానికి అటూ ఇటూ పక్కచక్రాలు. అంటే మూడు దారులు కావాలి. ఒక్క చెక్క వేస్తే పక్కచక్రాలు గాల్లో వేలాడతాయి. రెండు చెక్కలు పక్కన వేస్తే ముందు చక్రానికి దారే ఉండదు. వ్యాను వెడల్పంతా పరుచుకునే ర్యాంపు ఉంటే తప్ప ఆ బండి సవ్యంగా ఎక్కదు.

చాలామందికి తట్టని సంగతి ఇంకొకటుంది. ర్యాంపు ముగిసి వ్యాను నేల మొదలయ్యే అంచు దగ్గర బరువంతా పక్కచక్రాల మీద పడి నడిమి చక్రం పైకి తేలుతుంది. మా బావ బండిలాంటి వాటికి వెనక బ్రేకు ఆ నడిమి చక్రానికే, పక్కచక్రాలకు బ్రేకు లేదు. బ్రేకు పట్టుకున్నాంలే అనుకున్న క్షణంలోనే బండి వెనక్కి జారుతుంది. అందుకని ఇంజన్ మీద ఎక్కించడం మా ఇంట్లో నిషేధం. ముందు నుంచి ఇద్దరు తాడుతో లాగాలి, వెనక ఒక మనిషి చెక్క దిమ్మ పట్టుకుని అడుగడుక్కీ పక్కచక్రం కింద పెడుతూ రావాలి. దిమ్మ పట్టుకునే మనిషి బండికి సూటిగా నిలబడకుండా ఒక పక్కకు ఉండాలి.

మా డెల్టా ఇచ్చిన సదుపాయం కూడా ఒకటుంది, గట్టు. తెనాలి ఊళ్లోంచి కాలవలు పారుతున్నాయి, ఊరి బయట ఎక్కడ చూసినా కట్టలే. వ్యానును పల్లంలో నిలిపి, వెనక్కి కట్టకు ఆనిస్తే వ్యాను నేల, కట్ట ఒకే మట్టానికి వస్తాయి. మధ్య జానెడు సందు మీద వెడల్పు చెక్క పరిస్తే బండి నడుచుకుంటూ లోపలికి పోతుంది. రైసు మిల్లుల్లో బస్తాలెక్కించే అరుగు దొరికితే మరీ మంచిది. అడిగితే కాదన్న మిల్లు ఓనరును నేనింతవరకు చూడలేదు.

ఇక కట్టడం. బుల్లెట్టును స్టాండు మీద ఉంచి పంపకూడదు. అదే కంపెనీ క్లాసిక్ 350 మోడల్ బరువు 195 కిలోలు. ఆ బరువు కుదుపుకు సైడు స్టాండు మీద వాలితే స్టాండైనా వంగుతుంది, వ్యాను నేలైనా సొట్టపడుతుంది. ముందు చక్రాన్ని క్యాబిన్ వైపు గోడకు ఆనించి, గేరులో పెట్టి, రాచెట్ బెల్టులు రెండింటిని హ్యాండిలు కింద షాకబ్జర్లు కలిసే చోట అటూ ఇటూ తగిలించి బిగించాలి. షాకబ్జర్లు సగం దిగేదాకా చాలు. పూర్తిగా అణిచేస్తే ఆయిలు సీళ్లు దెబ్బతింటాయి. వెనక చక్రం నాట్యం చేయకుండా మరో బెల్టు. బెల్టు తగిలే ప్రతి చోటా మడతపెట్టిన గోనె సంచి.

స్కూటరుకు ఈ పద్ధతి పనికిరాదు. అది తనంతట తానే నిలబడుతుంది కాబట్టి నిలబెట్టే తాళ్లు అక్కర్లేదు, కదలకుండా ఆపే తాళ్లు కావాలి. నాలుగు చక్రాలకూ ముందూ వెనకా దిమ్మలు, ఆపైన స్కూటరు అసలు చాసిస్‌కు కింద నుంచి బెల్టులు. మా బంధువుల్లో ఒకాయన బండిని ఒక ట్రాన్స్‌పోర్టు వాళ్లు తెరిచిన లారీలో వేసి, పక్కచక్రం చేతికి నైలాను తాడు కట్టి లాగి బిగించారు. ఆ చేయి కిందినుంచి బరువు మోయడానికి చేసింది, పక్కకు లాగితే తట్టుకోదు. బండి దిగేసరికి చక్రం వంకరపోయింది. వాళ్లకది సామానులో ఒక సొట్ట. ఆయనకు మాత్రం బండి బాగయ్యేదాకా గడప దాటే దారి లేదు.

కట్టిన కట్టు మా రోడ్ల మీద అలాగే ఉండదు. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది. పైన తారు ఎంత నున్నగా వేసినా కొన్నాళ్లకు అలలు తేలతాయి. ఆ ఊపుకు బెల్టులు వదులవుతాయి. తెనాలి నుంచి బాపట్ల వెళ్లేటప్పుడు పొన్నూరులో, రేపల్లె నుంచి 216 జాతీయ రహదారి మీద వచ్చేటప్పుడు చెరుకుపల్లిలో వ్యాను ఆపించి తలుపు తీసి చూస్తాం. బెల్టు ప్రతిసారీ ఒకటి రెండు పళ్లు బిగుస్తుంది.

రైల్లో పంపవచ్చుగా అని అడుగుతారు. తెనాలి–రేపల్లె లైను 1916 నుంచీ ఉంది. బాపట్ల, తెనాలి రెండూ మెయిన్ లైను మీదివే. బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945 నాటిది, ఇంజనీరింగ్ కళాశాల 1981లో వచ్చింది. ఆ కళాశాలల్లో చదువైపోయిన పిల్లలు పెట్రోలు తీసేసి, గోనె, గడ్డి చుట్టి మోటారుసైకిళ్లను పార్శిల్లో పంపుకుంటారు. రెండు చక్రాల బండికి అది మంచి దారే. కాసేపు ఆగే రైలు పెట్టెలోకి పక్కచక్రాల బండిని ఎత్తడం మాత్రం అయ్యే పని కాదు.

టెక్సాస్‌లో ఉంటున్న మా పెదనాన్నగారబ్బాయి కారు వెనక తగిలించుకునే మూసిన ట్రైలరు చూపించాడు. వెనక తలుపు కిందికి వాలితే అదే పూర్తి వెడల్పు ర్యాంపు. నేలలోనే ఇనుప పట్టాలు, ఎక్కడ కావాలంటే అక్కడ బెల్టు తగిలించుకోవచ్చు. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు కొక్కెం మీద పడేలా సర్దాలట, తోక బరువైతే ట్రైలరు రోడ్డు మీద ఊగిపోతుందట. మన డీసీఎంకు కొక్కెం లేదు కానీ వెనక బరువు పెరగకూడదన్న సూత్రం దీనికీ ఉంది. అందుకే బరువైన బుల్లెట్టు ముందు ఎక్కి క్యాబిన్ గోడ దగ్గర ఉంటుంది. స్కూటరు దాని వెనక, తలుపు పక్కన.

ఆ వరసకు నా దృష్టిలో ఇంకా పెద్ద కారణముంది. చివర ఎక్కింది ముందు దిగుతుంది. వ్యాను ఆగగానే మంచాలు, బీరువాల కంటే ముందు, నా బుల్లెట్టు కంటే ముందు, బావ బండి నేల మీద ఉండాలి. చంకకర్రలు వెనక సామానులో వేయకూడదు, క్యాబిన్లో ఆయన పక్కనే ఉండాలి. ఆ ఎత్తు క్యాబిన్లోకి ఎక్కడానికి ఒక పీట తీసుకెళ్లాలి. ఇవి మర్యాదలు అనుకుంటారు గానీ, నా లెక్కలో ఇవీ బండి కట్టడంలో భాగమే.

2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో దివ్యాంగుల కోసం ఇలా మార్చిన బండ్లకు ప్రత్యేక నిర్వచనం వచ్చింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం రవాణా అందరికీ అందాలంటోంది. తెనాలి, బాపట్ల, రేపల్లె ట్రాన్స్‌పోర్టు ఓనర్లను నేనడిగేది చట్టమంత పెద్దది కాదు. ఊరికి ఒక్క వ్యానుకైనా పూర్తి వెడల్పు మడత ర్యాంపు చేయించండి, అందులో ఆరు రాచెట్ బెల్టులు, ఎనిమిది చెక్క దిమ్మలు ఉంచండి. పక్కచక్రాల బండి పంపే ఇంటివాళ్లు కూడా కిరాయి బేరమాడే ముందు ఆ ర్యాంపు ఉందో లేదో అడగండి. లేదంటే ఇంకో వ్యాను చూసుకోండి.