గడ్డివామి వెనక గేదె

గాలికుంటు సూదులు వేసే రోజున మా పాడిగేదె ఇంట్లో ఉండేది కాదు. టముకు వినగానే అమ్మ దాన్ని నా చేత చెరువు అవతలికి తోలించేది. సూది పడితే రెండు మూడు రోజులు పాలు తగ్గుతాయని భయం. పాలకేంద్రంలో పోసే పాలతోనే మా ఇల్లు గడిచేది. ఎద్దుల్నీ, వట్టిపోయిన గేదెనూ మాత్రం దర్జాగా చూపించేది.

ఒక ఏడు రోగం రానే వచ్చింది. నోట్లో పొక్కులు, తీగలు సాగే చొంగ, గిట్టల సందుల్లో పుండ్లు. నిన్నటిదాకా గంతులేసిన దూడ ఉన్నట్టుండి చచ్చిపోయింది. ఈ రోగం తెచ్చే వైరస్ లేత దూడల గుండె కండరాన్ని దెబ్బతీస్తుందని నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. గేదె బతికింది గానీ, ఆ తర్వాత ఎండ కాస్త ముదిరితే చాలు, రొప్పేది.

పశువుల్ని పీల్చి పిప్పిచేసిన ముసర రోగం 2011లో భూమ్మీద నుంచే పోయింది. దాని టీకా ఒక్కసారి వేస్తే జన్మంతా కాసేది. గాలికుంటు అంత తేలిగ్గా లొంగదు. మన దేశంలో తిరిగే ఓ, ఏ, ఆసియా-1 రకాల్లో ఒకదాని రక్షణ మరోదానికి పనికిరాదు. అందుకే టీకాలో మూడూ కలుపుతారు. అదీ ఆరు నెలలకోసారి వేస్తూనే ఉండాలి. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం 2030 నాటికి దీన్ని తుడిచేస్తామంటోంది. అది జరగడం, దాచిన పశువుల కోసం గడ్డివాముల వెనకకు ఎవరు వెళ్తారో దాన్నిబట్టి ఉంటుంది.

మొన్న ఊళ్లో టీకా వేసే కుర్రాడి వెంట ఒక పూట తిరిగాను. పశువులు మేతకు పోకముందే బయల్దేరాడు. మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. వేడెక్కినా పాడే, గడ్డకట్టినా పాడే. ఐసుపెట్టెను ఎండ సోకనీయడు. పశువు వెనకగా పోడు. పక్కనుంచి పలకరిస్తూ వెళ్లి, మెడ నిమిరి, అక్కడే సూది దించుతాడు. చెవిపోగు మీది 12 అంకెలు చూసి ఫోన్లో ఎక్కించుకుంటాడు.

ఒక ఇంటి ముందు పెద్దావిడ, ‘గేదె చేలో ఉంది నాయనా’ అంది. అంతలో కట్టుకొయ్య దగ్గర దూడ అరిచింది. గడ్డివామి వెనక నుంచి గేదె బదులిచ్చింది.

కుర్రాడు నవ్వలేదు. ‘పాలు తీసుకో అత్తా, తర్వాతే వేస్తాలే’ అని అరుగు మీద కూర్చున్నాడు.