పాఠం చెప్పని మాస్టారు

ఈ వారం బడులు తెరిచారు. పొదిలి పక్కనే ఒక బడి ప్రహరీ మీద సెలవుల్లో ఎవరో పెద్ద నెమలిని వేసి వెళ్లారు. పింఛం బ్రహ్మాండంగా ఉంది, కాళ్లు మాత్రం కొంగవి. నాకు మంట పుట్టింది కాళ్లను చూసి కాదు. గేటు దగ్గరున్న పిల్లల్ని "ఎవరేశార్రా?" అని అడిగితే, "ఏమో సార్, మేం వచ్చేసరికే ఉంది" అన్నారు.

సర్కారు బడుల్ని బాగుచేసిన నాడు-నేడు రోజుల నుంచీ ఇదే వరస. 2019 నవంబరు 14న ఆ పథకం మొదలైంది మన ఒంగోలు పీవీఆర్ బడిలోనే. గోడలకు రంగులొచ్చాయి, ఫ్యాన్లు తిరిగాయి, కాదనను. కానీ రంగులేసేవాడు చాలాచోట్ల సెలవుల్లో వచ్చి సెలవుల్లోనే పోయాడు. పిల్లలకు బొమ్మ దొరికింది, బొమ్మ వేసే చెయ్యి కనపడలేదు.

ఇక్కడి నుంచి నా పాతపాట మొదలవుతుందని మీకు తెలుసు. డ్రాయింగ్ మాస్టారు పోస్టు! లోయర్, హయ్యర్ పరీక్షలు రాసి, ఎండాకాలంలో 42 రోజుల టీటీసీ శిక్షణ పూర్తిచేసి, ఉద్యోగం కోసం ఎదురుచూసి ముసలివాళ్లయినవాళ్ల గురించి ఈ కాలమ్‌లో ఎంత రాశానో! డ్రాయింగ్ పీరియడ్‌ను లెక్కల మాస్టారు లాక్కోవడం గురించీ రాశాను. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఒక మాట ఉంది: ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు వంద దాటితే కళలకు పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ ఉండాలి. వంద దాటని బడికి బొమ్మలొద్దని చట్టం ఎక్కడా అనలేదు. మన మెట్ట పల్లెల్లో జరిగేది మాత్రం అదే.

ఈ ఏడు కూడా అదే పాట పాడేవాణ్ణి. ఈలోగా మా బజారు కుర్రాడొకడు వచ్చాడు. విశాఖలో బీఎఫ్ఏ చేశాడు. ఇప్పుడు ఫ్లెక్సీల షాపులో నాయకుల మొహాలకు తెలుపు పెంచుతున్నాడు. రాత్రిళ్లు మార్కాపురం పలకల గనుల దగ్గర పారేసిన రాతి ముక్కలు తెచ్చుకుని, వాటి మీద గీస్తాడు, గీరతాడు. "బాబాయ్, స్కాలర్‌షిప్పుకి అప్లై చేస్తన్నా, ఒక ఉత్తరం రాసివ్వు" అన్నాడు. ఆ స్కాలర్‌షిప్పు సంగతి నాకు తెలుసు. కేంద్ర సాంస్కృతిక శాఖది, సీసీఆర్‌టీ నడుపుతుంది. 18 నుంచి 25 ఏళ్లవాళ్లకి, నెలకు 5,000 చొప్పున రెండేళ్లు. దేశం మొత్తానికి నాలుగు వందల మంది. డబ్బు మంచిదే. అయితే అది గురువు దగ్గర ఇంకా నేర్చుకోడానికి ఇచ్చేది. వీడికి కావలసింది గురువు కాదు, వెలుతురున్న గది, తినడానికి తిండి, షాపు నుంచి విముక్తి. గదులేమో బడుల్లో ఉన్నాయి.

వాణ్ణి చూడగానే నాకు రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు గుర్తొచ్చాడు. మళ్లీ రాజమండ్రికి పోయాడు ఈయన అనుకుంటారు. పోతాను.

1909లో రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రిన్సిపాలుగా వచ్చాడు. చెప్పేది ఇంగ్లిషు. అయితే నీటిరంగుల్లో బొమ్మలు వేసేవాడు, రాసేవాడు. 1924లో అచ్చయిన ఆయన 'సౌత్ ఇండియన్ అవర్స్' పుస్తకంలో బొమ్మలు కూడా ఆయనవే. ఆయన చుట్టూ చేరిన కుర్రాళ్లను చూడండి: రామారావు చిత్రకారుడయ్యాడు. అడివి బాపిరాజు బొమ్మలూ వేశాడు, నవలలూ రాశాడు, తర్వాత బందరు జాతీయ కళాశాలకు ప్రిన్సిపాలయ్యాడు. కవికొండల వెంకటరావు కవి అయ్యాడు. రామారావును బొంబాయి జేజే ఆర్ట్ స్కూలుకు పంపించిందీ కూల్డ్రేనే. కుర్రాడు అక్కడ నేర్చుకుని, అక్కడే ఉండిపోకుండా రాజమండ్రికి తిరిగొచ్చి చిత్రకళా పాఠశాల పెట్టాడు. 1925 ఫిబ్రవరిలో మశూచి వచ్చి పోయాడు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. బడి మాత్రం ఆయనతో పోలేదు. స్నేహితుడు వరదా వెంకటరత్నం దాన్ని నిలబెట్టాడు.

ఈ కథ నేను ఎప్పుడు చెప్పినా డ్రాయింగ్ మాస్టార్ల తరఫున సాక్ష్యంగానే చెప్పాను. ఈసారి రాస్తుంటే అడ్డం తిరిగింది. కూల్డ్రే డ్రాయింగ్ మాస్టారు కాడు! ఆయనకు బొమ్మల పీరియడే లేదు. తన బొమ్మ తాను వేసుకునే మనిషి కుర్రాళ్ల కళ్లెదుట తిరిగాడు, అంతే. ఆ ముగ్గురిలో బొంబాయికి పోయినవాడు ఒక్కడే. మిగిలిన ఇద్దరూ వాళ్ల వాళ్ల దారిన పోయారు. మార్కులు వేసే మాస్టారు అయితే ముగ్గురి చేతా ఒకే బిందెను గీయించి ఉండేవాడు.

అందుకని డ్రాయింగ్ మాస్టారి పోస్టు నాకు ఇప్పటికీ కావాలి గానీ, మా కుర్రాడికి మాత్రం అది వద్దు. రెండేళ్ల భృతి ఇచ్చి బడిలో కూర్చోబెట్టాలి, పాఠం చెప్పకూడదనే షరతుతో. తన రాళ్లు, తన ఉలి, తన గొడవ. ఇంటర్వెల్లో పిల్లలు చుట్టూ మూగొచ్చు, అడగొచ్చు, ఒక ముక్క పట్టుకెళ్లొచ్చు. పక్కన కర్ణాటకలో బెంగళూరు ఐఎఫ్ఏ సంస్థ 2009 నుంచి 'కలి-కలిసు' పేరుతో సర్కారు బడుల టీచర్లకూ, ఆ బడులకు వెళ్లే కళాకారులకూ డబ్బిస్తోంది. నేనడిగేది అంతకంటే చిన్నది: ఒక మండలానికి ఒక మనిషి, ముందు వంద దాటని బడిలోనే.

ఇదే మాట రిటైరైన ఒక హెడ్మాస్టరు మిత్రుడితో అంటే, "పాఠం చెప్పనివాడికి ఏమని హాజరు వెయ్యాలి? ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయనకి ఏం చూపించాలి?" అన్నాడు. సబబైన ప్రశ్నే, నా దగ్గర జవాబు లేదు. అంతకన్నా గట్టి అభ్యంతరం కుర్రాడి దగ్గర నుంచే వచ్చింది. "పిల్లలు చూస్తండగా గీత తప్పితే ఎట్టా బాబాయ్?"

తప్పితే చెరుపుతావు, మళ్లీ గీస్తావు, అదే వాళ్లు చూడాల్సింది అన్నాను. ప్రహరీ మీది నెమలి కాళ్లు ఎవరైనా గీస్తుండగా చూసుంటే ఏ మూడో క్లాసు పిల్లో అప్పుడే ఆపి ఉండేది. వాడు నవ్వాడు గానీ ఒప్పుకోలేదు. ఉత్తరం మాత్రం రాసిచ్చాను. ప్రస్తుతానికి ఇంకా ఫ్లెక్సీల షాపులోనే ఉన్నాడు.