వేలిగోరంత ముఖచిత్రం: ఇండీ వీడియో గేమ్ తంబ్‌నెయిల్ – రూపం, లిపి, ఔచిత్యం

కీలక పదాలు: తంబ్‌నెయిల్, ముఖచిత్రం, ఇండీ గేమ్, తోలుబొమ్మ, తెలుగు అక్షరలేఖనం, ఔచిత్యం

1. ప్రవేశిక

సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ కంప్యూటర్ దుకాణాలకు పేరుపడిన చోటు. వీడియో గేమ్ డిస్కు రూపంలో, అట్టపెట్టెలో అమ్ముడైన రోజుల్లో కొనుగోలుదారు ఆ పెట్టెను చేతిలోకి తీసుకొనేవాడు. ముందు బొమ్మ చూసి, వెనక్కు తిప్పి, అక్కడి చిన్న చిత్రాలూ నాలుగు వాక్యాలూ చదివి, దుకాణదారుణ్ణి ఏదో అడిగి నిర్ణయించుకొనేవాడు. ఇవాళ్టి డిజిటల్ అంగడిలో తిప్పి చూడడానికి వెనుక అట్ట లేదు, అడగడానికి మనిషీ లేడు. వరుసగా జారిపోయే వందల బొమ్మల మధ్య ఒక చిన్న బొమ్మ మాత్రమే ఉంది. దాన్నే తంబ్‌నెయిల్ అంటున్నారు. స్టీమ్ అనే అంగడి దానికి క్యాప్సూల్ అని పేరు పెట్టుకొంది. ఈ వ్యాసంలో దాన్ని చిరుచిత్రం అంటాను.

గ్రంథం చుట్టూ ఉండే శీర్షిక, అట్ట, ముందుమాట వంటివాటిని ఫ్రెంచి విమర్శకుడు జెరార్ జెనెట్ 1987లో ఒక పుస్తకంలో వివరంగా చర్చించాడు. ఆ పుస్తకం పేరుకు అర్థం 'గడపలు'. గడప ఇంట్లో భాగమా, వీధిలో భాగమా అన్న సందిగ్ధమే చిరుచిత్రానికీ ఉంది. అది గేమ్‌లో ఎక్కడా కనిపించదు, కానీ అది లేకుండా ఎవరూ గేమ్‌లోకి అడుగుపెట్టరు. పెద్ద సంస్థలకు ప్రకటనలు, తారలు, ముందే తెలిసిన పేర్లు ఉంటాయి. నలుగురైదుగురు కలిసి చేసే ఇండీ గేమ్‌కు తరచుగా ఈ గడప ఒక్కటే ఆధారం.

పురాణ వస్తువును చేపట్టే మన నిర్మాతలకు ఇక్కడ ఎదురయ్యే చిక్కు చిత్రసంపద కొరవడడం వల్ల కలిగేది కాదు, అది మితిమీరి ఉండడం వల్ల కలిగేదని నా ప్రతిపాదన.

2. కొలత పెట్టే షరతు

స్టీమ్‌లో నిర్మాత ఒకే గేమ్‌కు వేర్వేరు కొలతల్లో చిత్రాలు ఇవ్వాలి. ప్రధాన క్యాప్సూల్ 1232×706 పిక్సెళ్ళు. నిలువు క్యాప్సూల్ 748×896. చిన్న క్యాప్సూల్ 462×174. ఈ చివరిదాన్ని అంగడి తానే మరింత కుదించి 184×69, 120×45 పరిమాణాల్లో కూడా వాడుకొంటుంది. 120×45 అంటే మొత్తం 5,400 పిక్సెళ్ళు. ప్రధాన క్యాప్సూల్ దానికి నూట అరవై రెట్లకు పైగా పెద్దది. చిత్రకారుడు తన తెరమీద పెద్దదాన్ని చూస్తూ గీస్తాడు, కొనేవాడు తరచుగా చిన్నదాన్నే చూస్తాడు. వైఫల్యాలు ఎక్కువగా ఈ తేడాలోనే పుడతాయి. పెద్ద చిత్రాన్ని యంత్రం కుదిస్తే మిగిలేది బూడిదరంగు ముద్ద. చిన్న కొలతకు చిత్రాన్ని మళ్ళీ కూర్చాలి: నేపథ్యం తీసెయ్యాలి, పాత్రను ముఖం వరకో ఆయుధం వరకో తెగ్గొయ్యాలి, పేరును పెంచాలి. చిన్న క్యాప్సూల్‌లో పేరే దాదాపు స్థలమంతా నిండాలని స్టీమ్ స్వయంగా సూచిస్తుంది.

2022 సెప్టెంబరు 1 నుంచి ఆ అంగడి మరో నియమం పెట్టింది. క్యాప్సూల్ మీద గేమ్ చిత్రం, పేరు, ఉపశీర్షిక తప్ప మరేదీ ఉండరాదు. సమీక్షల మెచ్చుకోళ్ళు, బహుమతుల ముద్రలు, తగ్గింపు ధరల ప్రకటనలు నిషిద్ధం. విమర్శకుడికి ఇది మేలే చేసింది. పొగడ్తలన్నీ ఊడిపోయాక చిత్రం తన బలంతో నిలబడుతుందో లేదో చూడవచ్చు.

3. అసురుడి ఆకారం

హైదరాబాదుకు చెందిన ఓగర్ హెడ్ స్టూడియో 2017లో 'అసుర' అనే గేమ్‌ను స్టీమ్‌లో విడుదల చేసింది. భారతీయ పురాణాల స్ఫూర్తితో రూపొందిన ఈ గేమ్‌లో దృశ్యం పైనుంచి కనిపిస్తుంది. చనిపోయిన ప్రతిసారీ ఆట కొత్త అమరికతో మొదలవుతుంది. ఆ గేమ్ అంగడి చిత్రపు గుణదోషాలను నేను తూచబోవడం లేదు. ఆ పేరూ ఆ వస్తువూ ఏ చిత్రకారుడి ముందైనా ఉంచే సమస్యే ఇక్కడ చర్చనీయం.

మొదటి సమస్య దృష్టికోణం. పైనుంచి చూసే ఆటలో కథానాయకుడు తెరమీద బొటనవేలంత ఉంటాడు, ముఖం తెలియదు. చిరుచిత్రం మాత్రం ముఖాన్నే కోరుతుంది. రెండోది పేరు. తెలుగు పాఠకుడికి 'అసుర' అనగానే హిరణ్యకశిపుడి నుంచి నరకుడి దాకా ఒక పరంపర మెదులుతుంది. విదేశీ కొనుగోలుదారుకు అవి అయిదు ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే. పైగా క్యాప్‌కామ్ 2012లోనే 'అసురాస్ రాత్' పేరుతో ఒక గేమ్ వెలువరించింది. కనుక పేరు చెయ్యలేని పనిని బొమ్మ చెయ్యాలి.

మూడోదే అసలు చిక్కు. మన పౌరాణిక మూర్తి అలంకారభారంతో ఉంటుంది. కిరీటం, భుజకీర్తులు, హారాలు, అనేక బాహువులు, ప్రతి చేతిలో ఒక ఆయుధం. 'చందమామ' ముఖచిత్రాలకు వడ్డాది పాపయ్య గీసిన మూర్తుల్లో ఈ సాంద్రతే అందం. వాటిని చేతిలో పట్టుకొని చూసేవాళ్ళం, నెలంతా చూసేవాళ్ళం. అదే పద్ధతిని 120 పిక్సెళ్ళ వెడల్పులో పెడితే పదితలలు పది చుక్కలవుతాయి. పాపయ్యగారి బొమ్మకు అందులో లోపమేమీ లేదు, అది వేరే దూరం కోసం గీసింది. 'మన సంస్కృతి అంతా కనిపించాలి' అనే ఉత్సాహంతో గోపురం, చక్రం, పద్మం, అగ్ని ఒకే చిత్రంలో కుక్కే నేటి ధోరణిని మాత్రం సమర్థించలేను. అది సంస్కృతిని చూపదు, సంస్కృతి ఉందని చాటింపు వేస్తుంది.

దూరం నుంచి గుర్తుపట్టించే విద్య మనకు లేనిది కాదు. తోలుబొమ్మలాటలో తెర వెనుక దీపం, ముందు చీకట్లో ఊరంతా. బొమ్మలో రంగులున్నాయి, నగల కోసం పొడిచిన రంధ్రాలున్నాయి. వెనుక వరుసలో కూర్చున్నవాడు మాత్రం హనుమంతుణ్ణి తోకతో, రావణుణ్ణి తలలతో, జుట్టుపోలిగాణ్ణి జుట్టుతో పోల్చుకొంటాడు. అంటే బాహ్యరేఖ పాత్రను చెబుతుంది, లోపలి వివరం దగ్గరున్నవాడికి అదనపు బహుమానం. చిరుచిత్రానికి ఇంతకన్నా మంచి లక్షణసూత్రం నాకు కనబడలేదు. 'మాయాబజార్' (1957) ఘటోత్కచుణ్ణి నల్లని నీడగా గీసినా, ఎస్.వి. రంగారావు ఆ భారీ దేహంతో, గదతో వెంటనే తెలిసిపోతాడు. అసురుడికి భయంకరత్వం కోరల సంఖ్యతో రాదు, నిలబడిన తీరుతో వస్తుంది.

పుణేకు చెందిన నోడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో విడుదల చేసిన 'రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్' ఈ సందర్భంలో గమనించదగింది. దాని కథాదృశ్యాల్లో తోలుబొమ్మల శైలినే వాడారు. గేమ్ నిండా దేవతామూర్తులున్నా కథకు కేంద్రం ఒక బాలిక, ఆమె చేతిలో త్రిశూలం. ఒక చిన్న శరీరం, దాన్ని మించిన ఒక ఆయుధం. ఈ అసమానతలోనే కథ ఉంది, ఎంత కుదించినా అది చెదరదు.

4. లిపి సంగతి

స్టీమ్ తన అంగడిని చూపే భాషల్లో తెలుగు లేదు. అందువల్ల తెలుగు గేమ్‌కైనా పేరు ఇంగ్లీషు లిపిలో పెట్టడం ఆనవాయితీ అయింది. దీనికి వాణిజ్య కారణంతోపాటు ఒక రూపకారణం కూడా ఉంది. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు ఒకే అంతస్తులో నిలుస్తాయి, 45 పిక్సెళ్ళ ఎత్తునూ దాదాపు పూర్తిగా వాడుకొంటాయి. తెలుగు అక్షరానికి మూడు అంతస్తులు: పైన తలకట్టు, గుడులు, మధ్య అసలు అక్షరం, కింద వత్తులు. 'అస్త్రం' అని రాస్తే 'స' కింద రెండు వత్తులు దిగుతాయి. ఆ ఎత్తును మూడుగా పంచితే అక్షరానికి దక్కేది సుమారు 15 పిక్సెళ్ళు.

దీన్ని లిపిదోషమనుకోవడం తొందరపాటు. మన సినిమా ప్రచారకళలోనూ పుస్తకాల అట్టలమీదా ఈ చిక్కుకు ఎప్పుడో పరిష్కారాలు దొరికాయి. వత్తును కిందనుంచి పక్కకు జరపడం, తలకట్టును పొడిగించి పక్క అక్షరానికి కప్పుగా వెయ్యడం, పేరు మొత్తాన్ని ఒకే ముద్దగా కూర్చడం అక్షరలేఖకులు చేస్తూ వచ్చిన పనే. 'సాక్షి' (1967)తో మొదలుపెట్టి అసంఖ్యాక చిత్రాలకు ప్రచారకళ అందించిన ఈశ్వర్ పనినీ, ఆ 'సాక్షి' దర్శకుడే అయిన బాపు చేతిరాతనూ గేమ్ చిత్రకారులు పాఠ్యగ్రంథాల్లా చదవాలి. బాపు అక్షరంలో గీత మందం దాదాపు మారదు, వంపు మాత్రం మారుతుంది. కుదింపుకు తట్టుకొనేది సన్ననిగీత కాదు, ఆ సమమందమే. నేడు కంప్యూటర్ ఫాంటును ఉన్నదున్నట్టు అతికించి దానికి బంగారు మెరుపు అద్దుతున్న పద్ధతిలో ఈ పరిశ్రమ కనిపించదు.

ఇంగ్లీషు పేరు కింద తెలుగు పేరును చిన్నగా, నగలాగ తగిలించడం మాత్రం వృథా. చదవలేనంత చిన్న తెలుగు ఎవరికీ ఉపయోగపడదు. పెడితే తెలుగునే ప్రధానం చెయ్యాలి, లేదా మానుకోవాలి. 630×500 కొలతను సూచించే ఇచ్.ఐఓ వంటి అంగళ్ళలో ఎత్తు ఎక్కువ కాబట్టి తెలుగు శీర్షికకు అక్కడ సహజంగా చోటుంది. 'అసుర' అన్న మాటలో వత్తు లేదు, కిందికి దిగే గుర్తూ లేదు. మూడక్షరాలు. అలాంటి పేరు దొరికినప్పుడు కూడా మన లిపిని ప్రయత్నించకపోతే ఇంకెప్పుడు?

5. ఔచిత్యం

క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణమన్న ఔచిత్యం ఇక్కడ డబ్బు రూపంలో పరీక్షకు నిలుస్తుంది. కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకు మించి ఆడకపోతే స్టీమ్ సొమ్ము తిరిగి ఇస్తుంది. చదరపు పిక్సెళ్ళతో చేసిన నిదానమైన గేమ్‌కు తైలవర్ణచిత్రం లాంటి యుద్ధదృశ్యాన్ని చిరుచిత్రంగా పెడితే నొక్కేవాళ్ళు పెరగవచ్చు, సొమ్ము వెనక్కు అడిగేవాళ్ళూ పెరుగుతారు. ఒకప్పటి నవలల అట్టలమీద కథతో సంబంధం లేని అందమైన ముఖాలు వేస్తే పాఠకుడు నవ్వుకొని ఊరుకొన్నాడు, ఎందుకంటే చదివిన పుస్తకాన్ని తిరిగి తీసుకొనే దుకాణం లేదు.

అయితే అనుచితమన్నది శైలిభేదం మాత్రమే కాదు. పైనుంచి చూసే గేమ్‌కు పాత్ర ముఖాన్ని దగ్గరగా చూపడం అబద్ధమవుతుందా? కాదనే నా అభిప్రాయం. ఆటలో కనపడని ముఖం ఆటగాడు ఊహించుకొంటూ ఆడే ముఖమే. అది ఆటలోని రంగులతో, ఆటలోని ఆయుధంతో, ఆటలోని వేగంతో ఉంటే చాలు. నెమ్మదిగా ఆలోచించి ఆడే గేమ్‌లో కథానాయకుడు చిత్రంలో గాలిలోకి ఎగిరి కత్తి దూస్తే మాత్రం, రంగులన్నీ సరిపోయినా ఆ బొమ్మ వేరే గేమ్‌ది.