జమ్మి ఆకు జీతం

దసరా దగ్గర పడుతుంటే అందరి ఇళ్లల్లో తంగేడు పూల గురించీ, కొత్త చీరల గురించీ మాటలు నడుస్తాయి. మా ఇంట్లో మాత్రం ఒకటే ప్రశ్న: “మరి మోతీ సంగతేమిటి?”

మోతీ మా కుక్క. ఏ జాతి అని అడక్కండి, దానికే తెలియదు. నాలుగేళ్ల క్రితం ఓ వానరాత్రి మా గేటు ముందు వణుకుతూ నిలబడింది. తెల్లారేసరికి ఇంట్లో మనిషైపోయింది. మాది జగిత్యాల, పుట్టిల్లు సిరిసిల్ల. బతుకమ్మ ఆడపిల్లల పండుగ. తల్లిగారింటికి పోకపోతే అమ్మ ఊరుకోదు. కుక్కని వెంటేసుకుని బస్సులో పోవడం మావల్ల కాదు. ఇలాంటి చిక్కు మీలో చాలామందికి ఉండే ఉంటుంది. కుక్క కాకపోతే పిల్లి, పిల్లి కాకపోతే గాజుతొట్టెలో చేపలు.

ఇలాంటప్పుడు మనందరికీ తట్టే ఉపాయం ఒకటే, పక్కింటి పిల్ల. మా పక్కింటామె బీడీలు చుడుతుంది. ఆమె కూతురు అప్పుడు పదో తరగతి. పోయిన దసరాకి ఇంటి తాళం ఆ పిల్ల చేతిలో పెట్టి, “పొద్దునా సాయంత్రం మోతీకి ఇంత బువ్వ పెట్టమ్మా, మా బంగారు తల్లివి కదూ” అని హాయిగా బస్సెక్కాను. అయిదు రోజులయ్యాక తిరిగొచ్చాం. మోతీ నిక్షేపంగా ఉంది. పండుగ కదా అని ఆ పిల్ల చేతిలో ఓ జమ్మి ఆకు పెట్టి, “బంగారం తీసుకో” అన్నాను. నాలుగు సకినాలు కూడా పొట్లం కట్టి ఇచ్చాను. నా మనసుకి ఎంతో తృప్తి. ఎంత మంచి ఇరుగుపొరుగు అనుకున్నాను!

సంక్రాంతి నాడు ముగ్గు వేస్తూ ఆమె మాటల్లో మాటగా అంది. “పోయిన సద్దులకు మా పోరి బతుకమ్మ ఆడనేలేదు వదినా. మైకుల మోతకు మీ కుక్క బెదిరి ఒకటే ఏడుపట. దాని పక్కనే కూసుండి పోయింది. మేం పోయి పిలిచినా రాలే.”

నా చేతిలో ముగ్గుపిండి అలాగే ఉండిపోయింది. నేను సిరిసిల్లలో పట్టుచీర కట్టుకుని వలయంలో తిరుగుతున్న సాయంత్రం, పదిహేనేళ్ల పిల్ల నా గుమ్మంలో నా కుక్కని పట్టుకుని కూర్చుంది. ఏడాదికి ఒక్కసారి వచ్చే సద్దుల బతుకమ్మ! అందుకు నేనిచ్చినదేమిటి? ఓ ఆకు. దాన్ని బంగారమని కూడా చెప్పాను.

అప్పట్నుంచీ ఈ విషయం నన్ను వదల్లేదు. ఏదైనా మనసులో పడితే పుస్తకాలు తిరగేయడం నాకు అలవాటు. పెంచిన జీవాన్ని ఇంకొకరికి అప్పగించి వెళ్లే ఘట్టాలు మన సాహిత్యంలో ఏం చెబుతున్నాయో చూద్దామని కూర్చున్నాను. చూస్తే చిత్రమైన సంగతి బయటపడింది. అప్పగించేవాళ్ల దుఃఖం మీద మన కవులు ఎంత ప్రేమ కురిపించారో! అప్పగింత పుచ్చుకున్నవాళ్ల గురించి మాత్రం ఒకటి రెండు ముక్కలు కూడా మిగల్లేదు.

శాకుంతలం నాలుగో అంకం గుర్తుందా? శకుంతల అత్తవారింటికి బయలుదేరింది. వెనకనుంచి ఎవరో చెంగు పట్టి లాగుతున్నారు. తిరిగి చూస్తే లేడిపిల్ల. దర్భలు గుచ్చుకుని నోట్లో పుండైతే ఇంగుదీ నూనె రాసి మాన్పింది, పిడికిళ్లతో శ్యామాక ధాన్యం తినిపించింది ఆమే. తల్లిలేని దాన్ని నేను పెంచాను, ఇక నిన్ను నాన్నగారు చూసుకుంటారు అని చెప్పి ఏడుస్తూ కదులుతుంది. అంతకుముందే ఆశ్రమంలో కడుపుతో ఉన్న లేడి సుఖంగా ఈనితే నాకు కబురు పంపండి అనీ చెప్పింది. నేను సిరిసిల్లనుంచి పూటకోసారి ఫోన్ చేసి “మోతీ తిన్నదా?” అని అడగడం కొత్తేమీ కాదన్నమాట!

ఇంతవరకూ చదివి కళ్లు తుడుచుకునేవాళ్లమే అందరం. కాని ఈసారి నాకు వేరే చోట కళ్లు ఆగాయి. శకుంతల తన పూలతీగ వనజ్యోత్స్నని చెలికత్తెలకి అప్పగిస్తుంది. అప్పుడు వాళ్లు, మరి మమ్మల్ని ఎవరి చేతుల్లో పెట్టి పోతున్నావు అని అడుగుతారు. ఎంత పెద్ద ప్రశ్న అది! కాళిదాసు మహాకవి కనక ఆ ప్రశ్న వాళ్లచేత అడిగించాడు. జవాబు మాత్రం దొరకలేదు. కణ్వమహర్షి ఏడవకండని వాళ్లని ఊరడిస్తాడు, కథ ముందుకి సాగిపోతుంది.

ఇక రెండోది ప్రేమ్‌చంద్ రాసిన రెండెద్దుల కథ. మా కుక్కకి పేరొచ్చింది అందులోంచే. ఝూరీ అనే రైతుకి హీరా, మోతీ అని రెండెద్దులు. వాటిని బావమరిది గయ ఇంటికి పంపిస్తాడు. అక్కడ వాటికి చాకిరీ ఎక్కువ, మేత ఎండుగడ్డి. ఆ ఇంట్లో ఓ చిన్నపిల్ల ఉంది. తల్లి చచ్చిపోయింది, సవతితల్లి కొడుతుంది. ఆ పిల్ల రాత్రిపూట దొంగచాటుగా వచ్చి చెరో రొట్టె పెట్టి పోతుంది. చివరికి కట్లు విప్పి పారిపొమ్మని వదిలేస్తుంది కూడా. ఎద్దులు ఎన్నో కష్టాలు పడి ఇల్లు చేరతాయి. ఝూరీ వాటిని కావలించుకుంటాడు, మొదట తిట్టిన ఇల్లాలే వచ్చి నుదుళ్లు ముద్దుపెట్టుకుంటుంది.

గొప్ప కథ, అందులో సందేహం లేదు. ప్రేమ్‌చంద్ మీద పేచీ పెట్టేంత దాన్ని కాను. కాని ఒక ఇల్లాలిగా నా ప్రశ్న నాకుంది. మరి ఆ పిల్ల ఏమైంది? ఆ రాత్రి తర్వాత ఎన్ని దెబ్బలు తిన్నది? ఎద్దులు ఇల్లు చేరడంతో కథ ముగిసింది. చదివిన మనమూ తృప్తిగా పుస్తకం మూసేశాం. మోతీ నిక్షేపంగా ఉందని చూసుకుని నేను తృప్తిపడినట్టే.

మరి మన పుస్తకాల్లో ఎక్కడా జీతం మాట లేదా? ఉంది. నేను ఆకు తెంపిన ఆ జమ్మిచెట్టు కిందే ఉంది! పాండవులు ఆయుధాలు జమ్మిమీద దాచి, విరాటుడి కొలువుకి పోయారు. నకులుడు గుర్రాలు చూసే పనికి కుదిరాడు. సహదేవుడు తంత్రీపాలుడనే పేరుతో ఆవుల్ని చూసే పనికి కుదిరాడు. వ్యాసభారతంలో విరాటుడు సహదేవుణ్ణి, మా దగ్గర ఎలా ఉంటావు, జీతం ఏం కావాలో చెప్పు అని అడుగుతాడు. అడిగింది రాజు. పనిలో పెట్టుకోకముందే అడిగాడు. పశువుల్ని చూడడానికి జీతం పుచ్చుకోవడం మాద్రి కొడుకులకి చిన్నతనం కాలేదు. దసరాకి జమ్మి ఆకు పంచుకుంటాం గాని విరాటుడి మర్యాద మాత్రం మరిచిపోయాం.

ఈ మాట జగిత్యాలలో కూర్చుని రాయడంలో ఓ అర్థముంది. తండ్రి చేసిన అప్పుకి పిల్లవాణ్ణి దొరల ఇంట్లో పశువుల కాపరిగా పెట్టిన రోజులు ఈ నేల చూసింది. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ 1976లో చట్టం వచ్చింది. అయినా 1978 సెప్టెంబరులో వెట్టికి వ్యతిరేకంగా వేలాదిమంది పేద రైతులు, కూలీలు జగిత్యాలకి నడిచి రావలసి వచ్చింది. దాన్నే జగిత్యాల జైత్రయాత్ర అంటారు. కుక్కకి బువ్వ పెట్టడానికీ, దానికీ పోలికేమిటని మీరు నవ్వొచ్చు. నిజమే, పోలిక పెద్దదే. నేను దొరసానిని కాను, ఆ పిల్లని నేను కట్టి ఉంచలేదు. కాని “కాదు” అనే వీలు లేని పని ఏదైనా ఆ దారిలోదే. “మా బంగారు తల్లివి కదూ” అన్నాక ఏ పిల్ల కాదంటుంది చెప్పండి? నా ఆ ముద్దుమాటే తాడు.

అలాగని డబ్బిచ్చేస్తే సరిపోతుందా అంటే అదీ లేదు. కోరుట్లలో మా చెల్లెలికో పిల్లి ఉంది. కిందటి వేసవిలో వాళ్లు తిరుపతి పోతూ వీధిలో పన్నెండేళ్ల కుర్రాడికి ముందే డబ్బులిచ్చి పోయారు. వాడు మొదటి రోజే నాలుగు రోజుల పాలూ నాలుగు గిన్నెల్లో పోసి తాళం వేసి ఆటకి పోయాడు! తిరిగొచ్చేసరికి పాలు విరిగి, ఇల్లంతా కంపు. పిల్లి అటకమీద అలిగి కూర్చుంది. “డబ్బిచ్చినా ఇంతేనే అక్కా” అని మొత్తుకుంది. నేనన్నాను, “తప్పు వాడిది కాదే, నీది. వాడికి పిల్లంటే భయమా ఇష్టమా అడిగావా? ఏ పూటకెంతో రాసిచ్చావా? అసలు పద్నాలుగు నిండని పిల్లల్ని జీతానికి పెట్టుకోకూడదని చట్టమే ఉంది. 2016లో దాన్ని ఇంకా గట్టి చేశారు కూడా.” పశువైద్య కళాశాల ఉన్న ఊళ్లో ఉంటూ దీనికి పిల్లి సంగతులు నేను చెప్పాలా!

ఈ ఏడు దసరాకి నెలముందే పక్కింటికి వెళ్లాను. ఆ పిల్లకిప్పుడు పదహారు దాటాయి, ఇంటర్‌లో చేరింది. తల్లినీ పిల్లనీ ఇద్దర్నీ కూర్చోబెట్టి విషయం చెప్పాను. అయిదు రోజులు, రోజుకి రెండు పూటలు, రోజుకి వంద రూపాయలు.

తల్లి ససేమిరా అంది. “గిదేం మాట వదినా! కుక్కకు ఇంత బువ్వ పెట్టినందుకు పైసలు తీసుకుంటమా? మనం పరాయోళ్లమా?”

ఏం చెప్పాలో తోచక నేను తడబడుతుంటే ఆ పిల్లే తల్లి ఒళ్లోని బీడీల చాట వైపు చూసి నెమ్మదిగా అంది. “అమ్మా, నువ్వు వెయ్యి బీడీలకింతని లెక్క చెప్తవ్ గదా. నాది లెక్క గాదా?”

తల్లి చేతిలో తునికాకు ఆగింది. కాసేపటికి నవ్వి, “సరే తీయ్, నీ లెక్క నువ్వే చెప్పుకో” అంది.

పిల్ల నా వైపు తిరిగి, “అత్తమ్మా, సద్దుల నాడు మాత్రం నేను రాను” అంది.

మీరు నమ్మరు, ఆ మాటకి నాకెంత సంతోషమేసిందో. కిందటేడు నోరు విప్పని పిల్ల ఈ ఏడు షరతు పెట్టింది. ఆ అయిదువందలు కొన్నది మోతీ బువ్వని మాత్రమే కాదు, “రాను” అనే ఆ మాటని కూడా. ప్రేమకి ఖరీదు కట్టకూడదంటారు, ఒప్పుకుంటాను. కాని ప్రేమ పేరు చెప్పి పనికి ఖరీదు ఎగ్గొట్టకూడదు. ఎగ్గొడితే ఎదుటివాళ్లకి మిగిలేది మొహమాటం, మనకి మిగిలేది గొప్పమనసన్న భ్రమ.

తరవాత పని సులువైంది. ఏ పూటకి ఎంత అన్నమో, నీళ్లు ఎన్నిసార్లు మార్చాలో, పశువుల డాక్టరు నంబరేమిటో కాగితం మీద రాసి గోడకి అంటించాను. మోతీకి రేబిస్ టీకా ఆ ఏడాదిది వేయించి ఆ చీటీ కూడా పెట్టాను. ఎంత మంచి కుక్కైనా భయపడితే కరవొచ్చు. గీత పడినా సరే పదిహేను నిమిషాలు సబ్బుతో ధారగా నీళ్లు పోసి కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవాలని తల్లికీ పిల్లకీ చెప్పాను. మైకులు మోగేటప్పుడు మోతీని లోపలి గదిలో ఉంచమన్నాను. ఇవన్నీ కిందటేడు చెప్పాలని నాకు తోచనేలేదు. ఉచితంగా వచ్చే పనికి జాగ్రత్తలెవరు ఆలోచిస్తారు?

సద్దుల నాడు మేం జగిత్యాలలోనే ఆగిపోయాం. తల్లిగారింట్లో ఆడని బతుకమ్మ ఏం బతుకమ్మ అని సిరిసిల్లలో అమ్మ ఫోన్‌లో మూతి ముడుచుకుంది. మావారు మోతీ దగ్గర కాపలా కూర్చున్నారు. ఆయనకి జీతం లేదు! నేనూ, పక్కింటామే, ఆమె కూతురూ ఒకే వలయంలో చప్పట్లు కొడుతూ తిరిగాం. ఆ పిల్లకి అంత పాట వచ్చని నాకు అప్పుడే తెలిసింది. తెల్లారి సిరిసిల్ల బస్సెక్కాం.

తిరిగొచ్చాక ముందు కవరు ఇచ్చాను. పిల్ల నోట్లు లెక్కపెట్టుకుంది. లెక్కపెట్టుకోవాలి మరి. ఆ తరవాతే జమ్మి ఆకు చేతిలో పెట్టాను.

ఈసారి అది నిజంగానే బంగారమనిపించింది.