శాకుంతలమున మౌగ్ధ్యపునఃప్రాప్తి

ఒకసారి చెడిన మౌగ్ధ్యము మరలఁ గలుగునా యను ప్రశ్నకు అభిజ్ఞానశాకుంతల సప్తమాంకము ముఖ్యోదాహరణముగాఁ దగియున్నది. హేమకూటమున దంపతులు పునస్సమాగతు లగుటతో, కణ్వాశ్రమమునందలి పూర్వస్థితియే శకుంతలకు సిద్ధించెనని పలువురు పాఠము చెప్పుచుందురు. జర్మనుకవి గేటే 1791లో నీ నాటకమున సంవత్సరపుఁ దొలిపూవులను, మలికాలపు ఫలములను ఒకచోటఁ గాంచి ప్రశంసించెను. రవీంద్రనాథ ఠాకూరు 1902లో ఆ మాటనే విస్తరించి, పుష్పము ఫలముగాఁ బరిణమించుటయే నాటకార్థమని వ్యాఖ్యానించెను. ఫలము మరలఁ బుష్పము కాదు గదా! కావునఁ బూర్వస్థితియే యను మాట విచార్యము.

తొలుత శబ్దమును జూడవలెను. వైచిత్త్యార్థకమగు ముహధాతువునకు క్తప్రత్యయము చేరఁగా, అష్టాధ్యాయి 8-2-33 సూత్రముచే హకారమునకు ఘకారము వికల్పముగా విధింపఁబడినది. ఘకారము వచ్చినపుడు ముగ్ధశబ్దమును, రానపుడు ఢకారము వచ్చి మూఢశబ్దమును సిద్ధించుచున్నవి. ధాతు వొకటియే, ప్రత్యయ మొకటియే. వాడుకలో మాత్ర మొకటి మెప్పు, ఒకటి నింద. ఎఱుఁగమి రెంటికిని సమానము. కపటము లేమి ముగ్ధశబ్దమునకే ప్రసిద్ధము. ఈ రెండంశములను వేఱుపఱుపక చేసిన చర్చ తేలదు.

ఆంధ్రభారత మాదిపర్వమందలి శకుంతలవిషయమున నీ ప్రశ్నయే పుట్టదు. అచ్చట ఉంగరము లేదు, శాపము లేదు. రాజు తెలిసియే తిరస్కరించును, ఆమె సత్యమహిమను వాదించును. మౌగ్ధ్యనాశమను వస్తువు కాళిదాసు కల్పించినది. పంచమాంకమున ఉంగరము కానరాకపోఁగా, శకుంతల దీర్ఘాపాంగమను లేడిపిల్ల ముచ్చటను గుర్తుగాఁ జెప్పును. అది రాజు చేతినీరు త్రాగక తన చేతినీరు త్రాగెనఁట! రాజసభలో నిట్టి ముచ్చట సాక్ష్యమగునని తలఁచుటయే మౌగ్ధ్యము. రాజు దానిని స్త్రీజాతికి సహజమగు నేర్పుగాఁ గొనెను. నిష్కాపట్యమే కపటముగాఁ గొనఁబడినప్పుడు ఆమె యెఱుఁగమి నశించినది. భర్తను అనార్యుఁడని పిలిచినది. ఆ కోపమునఁ గృత్రిమత లేదని రాజునకే తోఁచెను. ఎఱుఁగమి పోయినను ఋజుత్వము పోలేదని కవి యిచ్చటనే సూచించెను.

సప్తమాంకమున దుష్యంతుఁడు పాదములపైఁ బడఁగా, ఆమె తన పూర్వకర్మమునే నిందించుకొనును. పిదప నతఁడు ఉంగరమును మరలఁ దొడుగఁబోఁగా, దానిని నమ్మనని, ఆర్యపుత్రుఁడే ధరింపవలెనని నిరాకరించును. తొలినాఁటి శకుంతల యిట్లనదు. గుర్తులు జాఱిపోవునని యెఱిఁగిన స్త్రీ మాట యిది. మారీచుఁడు దుర్వాసుని శాపవృత్తాంతమును దెలుపుట దీనికిఁ దరువాతనే. అనఁగా మఱపునకుఁ గారణము తెలియకమునుపే ఆమె భర్తను నమ్మినది; ఉంగరమును నమ్మలేదు.

ఇది పాతివ్రత్యవశమున వచ్చిన యోర్పేకాని మౌగ్ధ్యము కాదందురేని, అది పొసఁగదు. కేవలము విధేయతయే యైనచో, భర్త తొడుగఁబోయిన యుంగరమును గాదనుట కుపపత్తి లేదు. మనసులోని సంశయమును దాఁపక భర్తయెదుటఁ బలుకుటయే ఆమె ప్రాచీన ఋజుత్వము.

ఇఁక నెఱుఁగమితోఁ గూడిన సంపూర్ణమౌగ్ధ్యము నాటకమున మరలఁ గానరాదా? కానవచ్చును, కాని సర్వదమనునియందు. మట్టినెమలి లావణ్యమును జూడుమని తాపసి చెప్పఁగా, శకుంతలావణ్యమను మాటలోఁ దల్లిపేరు విని, అమ్మ యేదియని బాలుఁ డడుగును. పదచ్ఛేద మెఱుఁగని యా పొరపాటే రాజునకుఁ దల్లిపేరును దెలిపి యాశ గొలిపెను. నాఁడు తల్లిమాట నమ్మని రాజు నేఁడు కొడుకు పొరపాటున నాశ గొనెను.

కావున నెఱుఁగమి పోయినచోటికి మరల రాదు. వేఱొక శిశువునందుఁ గ్రొత్తగాఁ బుట్టును. నిష్కాపట్యము మాత్రము తెలివితోఁ గూడియు నిలువఁగలదు. సప్తమాంకమును బోధించు పండితులు సుఖాంతమని ముగింపక, తుదకా యుంగర మెవరి వ్రేల నున్నదో విద్యార్థుల నడుగుట మేలు.